రాత్రికి చోటు, ఆ తర్వాత బతుకు: విజయవాడలో నిరాశ్రయుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ స్టేషన్ బయట, పండిట్ నెహ్రూ బస్టాండ్ చుట్టుపక్కల, కృష్ణ ఒడ్డు ఘాట్ల మెట్ల మీద, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద రాత్రిళ్లు పడుకునేవాళ్ల గురించి మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. కొందరు తమ కోసమే అడుగుతారు. కొందరు ఇల్లు వదిలి వెళ్లిపోయిన నాన్న కోసమో అన్న కోసమో వెతుకుతూ అడుగుతారు. ఎక్కువమంది మాత్రం దారిలో ఎవరినో చూసి, అలా వదిలేసి వెళ్లడానికి మనసొప్పక ఫోన్ చేసేవాళ్లు. మా నమ్మకం ఒక్కటే: ముందు మనిషికి తల దాచుకునే చోటు దొరకాలి. కార్డులు, మందు మానడం, పని, ఇంటివాళ్లతో రాజీ, అన్నీ ఆ తర్వాతే. ఈ వరస తిరగేసిన చోటల్లా మనిషి మళ్లీ ఫుట్‌పాత్ మీదికే వచ్చేస్తాడు.

షెల్టర్ అంటే ఏంటి? ఎవరు నడుపుతారు?

మున్సిపాలిటీలు ఏర్పాటు చేసే నిరాశ్రయుల వసతి గృహాలనే అందరూ షెల్టర్ అనో, నైట్ షెల్టర్ అనో అంటారు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వీటికి మార్గదర్శకాలు వచ్చాయి. మన రాష్ట్రంలో ఈ మిషన్ పనులు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూసింది. కార్పొరేషన్ భవనం ఇస్తే, రోజువారీ నిర్వహణ చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉంటుంది.

పేరుకు నైట్ షెల్టరే గానీ, మార్గదర్శకాల ప్రకారం ఇది ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. ఈ ఊరికి అది చాలా అవసరం. ఢిల్లీలో చలికి చనిపోతారు కాబట్టి అక్కడ రాత్రి గురించే మాట్లాడతారు. బెజవాడ మే నెల ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా సిమెంటు మీద కూర్చోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. పొద్దున్నే అందర్నీ బయటికి పంపి తాళం వేసే షెల్టర్ ఈ ఊరికి సగమే పనికొస్తుంది.

లోపల ఏమేం ఉండాలి?

మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, గాలి, వెలుతురు, తాగే నీళ్లు, స్నానాల గదులు, మరుగుదొడ్లు, దోమల నివారణ, ఉతికిన దుప్పట్లు, వంట చేసుకునే వీలు, సామాను పెట్టుకోవడానికి ఒక్కొక్కరికీ లాకర్. ఇవన్నీ మార్గదర్శకాల్లో రాసి ఉన్నవే. వీటిలో లాకర్ అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దాని విలువ కింద చెబుతాం.

ఆధార్ కార్డు లేకపోతే రానివ్వరా?

రానివ్వాలి. కార్డు లేదని రాత్రిపూట మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపడం తప్పు. రిజిస్టర్‌లో పేరు, సుమారు వయసు, సొంతూరు, చెబితే ఇంటివాళ్ల నంబరు రాసుకుంటారు. చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ రాత్రికి పేరొక్కటి చాలు. కొందరు మొదట వేరే పేరు చెబుతారు. నమ్మకం కుదిరాక అసలు పేరు వాళ్లే చెబుతారు, తొందరపెట్టి లాభం లేదు.

వసతికి డబ్బు తీసుకోరు. ఎవరైనా చేర్చుకోవడానికి ఫీజు అడిగితే కార్పొరేషన్‌లో ఫిర్యాదు చేయండి.

మా వీధి చివర ఒకాయన రోజూ పడుకుంటున్నాడు. మేం ఏం చేయాలి?

ముందు మాట్లాడండి. నిద్రపోతున్న మనిషి ముఖం మీద ఫోన్ టార్చ్ వేయొద్దు. నిలబడి పైనుంచి అడగకుండా కాస్త దూరంలో కూర్చోండి. ‘ఏ ఊరు?’ అనేది రెండో ప్రశ్నగా ఉండనివ్వండి. మొదటిది ‘అన్నం తిన్నారా?’ అయితే జవాబు వస్తుంది. వయసులో పెద్దవాళ్లయితే ‘పెద్దాయనా’ అనో ‘అమ్మా’ అనో పిలవండి. ‘రేయ్’, ‘లే’ అనే పిలుపులు వాళ్లు రోజంతా వింటూనే ఉంటారు.

మూటను ముట్టుకోవద్దు. చూసేవాళ్లకు అది చింపిరి గుడ్డల మూట. అందులో ఆపరేషన్ కాగితాలు, పాత రేషన్ కార్డు, ఎప్పుడో ఫ్యామిలీ అంతా దిగిన ఫోటో ఉండొచ్చు. ఘాట్ల దగ్గర ఒకసారి గమనించండి: చాలామంది మూట తాడును కాలి బొటనవేలికి చుట్టుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని పడుకుంటారు. ఎవరైనా లాగితే మెలకువ రావాలి కదా. మార్గదర్శకాల్లో లాకర్ ఎందుకు రాశారో అది చూస్తే తెలుస్తుంది.

స్పృహ లేకపోయినా, ఒంటి మీద గాయాలున్నా, ఎండకు పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. 60 దాటినవాళ్లయితే ఎల్డర్‌లైన్ 14567, అది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ప్రమాదంలో ఉన్నవాళ్లెవరికైనా 112. మిగతావాళ్ల విషయంలో వార్డు సచివాలయంలో చెప్పి, దగ్గరి షెల్టర్ ఎక్కడుందో కనుక్కుని, వీలైతే మీరే ఆటోలో తీసుకెళ్లండి. చిరునామా చెప్పి పంపితే సగం మంది చేరరు.

వీడియో తీయొద్దు. సాయం చేస్తున్నప్పుడు కూడా వద్దు. కూతురి పెళ్లిచూపులకు అడ్డం వస్తుందనే భయంతో, తాను ఎక్కడున్నాడో ఇంటికి తెలియనివ్వని తండ్రులు ఉంటారు.

రమ్మంటే రారు. రోడ్డు మీదే బాగుందా వాళ్లకి?

ఈ ప్రశ్న చాలామంది కోపంగా అడుగుతారు. కారణాలు వినాలి.

పని దగ్గర పడుకోవాలి. తెల్లారకముందే కూలీల అడ్డాలో నిలబడకపోతే ఆ రోజు పని పోతుంది. మార్కెట్లో లారీ దిగుమతి అర్ధరాత్రి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో సీజన్ నడిచేటప్పుడు వచ్చే కూలీలదీ ఇదే సంగతి. ఊరికి ఆ చివర షెల్టర్ పెట్టి రమ్మంటే ఆటో ఖర్చులకే కూలి అయిపోతుంది. అందుకే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లకు దగ్గర్లో షెల్టర్లు ఉండాలని మార్గదర్శకాలు చెప్పాయి.

భార్యాభర్తలు విడిగా ఉండలేరు. మగవాళ్ల షెల్టర్‌లో ఆమెకు చోటుండదు, ఆడవాళ్ల షెల్టర్‌లో ఆయనకు ఉండదు. కుటుంబాలకు వేరే షెల్టర్ లేకపోతే ఇద్దరూ కలిసి ఫ్లైఓవర్ కిందే ఉంటారు. నడవలేని భర్తను చూసుకునే భార్యను విడిగా రమ్మనడం ఏం న్యాయం?

అన్నిటికన్నా పెద్ద కారణం భయం. పుష్కరాలో, పెద్ద నాయకుల పర్యటనో వచ్చినప్పుడు వ్యాన్ ఎక్కించి ఊరి బయట దింపేస్తారనే మాట ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి మన వ్యాన్ కూడా అలాంటి వ్యానే. అందుకే మొదటి రాత్రే రమ్మని పట్టుబట్టకూడదు. ఒకే మనిషి, ఒకే వేళకు, మళ్లీ మళ్లీ వెళ్లి పలకరిస్తే భయం తగ్గుతుంది. వచ్చినవాళ్లు కూడా మొదట్లో గుమ్మం దగ్గరి చాపే అడుగుతారు, లేచి వెళ్లిపోవడానికి వీలుగా. అడిగిన చోటే ఇవ్వండి.

తాగి వస్తే రానిస్తారా?

గొడవ చేయకుండా పడుకుంటానంటే రానివ్వాలనేది మా గట్టి అభిప్రాయం. లోపల తాగడం, ఇతరులను తిట్టడం, కొట్టడం కుదరదు. కానీ ‘తాగినవాళ్లకు ప్రవేశం లేదు’ అని బోర్డు పెడితే, సాయం అవసరమైనవాళ్లలో పెద్ద భాగాన్ని బయటే వదిలేసినట్టు. తాగి రోడ్డు పక్కన పడుకున్న మనిషి మీద నుంచి లారీ వెళ్లొచ్చు. లోపల పడుకుంటే కనీసం పొద్దున బతికుంటాడు, అప్పుడు మాట్లాడొచ్చు.

మందు ఒక్కసారిగా మాన్పించేయొచ్చా?

వద్దు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. దీనికి చికిత్స చేయకపోతే మనిషి చనిపోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు ‘గాలి సోకింది’ అనో ‘పిచ్చెక్కింది’ అనో కట్టేస్తారు. అది ఆసుపత్రి కేసు. వెంటనే 108కి ఫోన్ చేసి, తాగడం ఎప్పుడు మానేశాడో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తాగుడు వల్ల ఒంట్లో బి1 విటమిన్ బాగా తగ్గిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు తెలిస్తే గ్లూకోజ్ కన్నా ముందో, దాంతో పాటో ఆ ఇంజెక్షన్ ఇస్తారు.

చికిత్స ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో ఉచితం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే డీ-అడిక్షన్ కేంద్రాల వివరాలు 14446లో చెబుతారు. గంజాయి, ఇతర మత్తు పదార్థాల విషయంలోనూ అదే నంబరు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజు ఉండదు, మానాలనే కోరిక ఉంటే చాలు.

రెండు జాగ్రత్తలు. మనిషికి తెలియకుండా కూరలోనో టీలోనో కలిపే ‘మందు మాన్పించే’ మాత్రలు పెట్టొద్దు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. రెండోది, గొలుసులు వేసే, కొట్టే, ఇంటివాళ్లతో మాట్లాడనివ్వని ‘సెంటర్ల’లో చేర్చొద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషేధం. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి.

మానేసిన మనిషి మళ్లీ తాగితే అంతా వృథా అనుకోకండి. కోలుకునే దారిలో అలా జరగడం మామూలే. ఆ రాత్రి అతనికి చాప ఉందా లేదా అన్నదే తర్వాత ఏం జరుగుతుందో తేలుస్తుంది.

తనలో తాను మాట్లాడుకుంటూ, బట్టల ధ్యాస లేకుండా తిరిగేవాళ్లను ఎవరు చూడాలి?

పోలీసులు. ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారమని చాలామంది అనుకుంటారు గానీ, ఇది చట్టం పెట్టిన బాధ్యత. పైన చెప్పిన చట్టంలోని సెక్షన్ 100 ప్రకారం, మానసిక వ్యాధితో తిరుగుతున్నట్టు కనిపించి, తనను తాను చూసుకోలేని మనిషిని స్టేషన్ ఆఫీసర్ రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. మిస్సింగ్ కేసు నమోదు చేసి, ఇంటివాళ్లను వెతికి కబురు చేయాల్సింది కూడా ఆ స్టేషనే.

కాబట్టి 112కి ఫోన్ చేసి ‘మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100’ అని స్పష్టంగా చెప్పండి. ఆ మాట వింటే ఫోన్ ఎత్తినవాళ్ల తీరు మారుతుంది. సలహా కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

చికిత్సకు లొంగని జబ్బేమీ కాదిది. మందులు సరిగ్గా పడితే కొన్ని వారాల్లో సొంతూరి పేరు, తమ్ముడి పేరు చెప్పినవాళ్లు ఉంటారు. కష్టం ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక మొదలవుతుంది. రోజూ మాత్ర ఇచ్చే మనిషి, పడుకునే చోటు లేకపోతే మందులు ఆగిపోతాయి, కథ మొదటికొస్తుంది. షెల్టర్ కేర్‌టేకర్ రిజిస్టర్‌లో మాత్ర వేసుకున్నట్టు టిక్కు పెట్టే ఒక గడి గీసుకోవడం, పెద్ద భవనం కట్టడం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఒంటరి ఆడవాళ్లు, పిల్లలు కనిపిస్తే?

చీకటి పడ్డాక రోడ్డు మీద ఒంటరి ఆడమనిషిని చూస్తే రేపటి దాకా ఆగొద్దు. 181కి ఫోన్ చేయండి. జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌లో కొద్ది రోజులు ఉండనిస్తారు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడే చూస్తారు. ఎక్కువ కాలానికి శక్తి సదన్లు ఉంటాయి. విజయవాడలో మహిళల కోసం ఏళ్లుగా పనిచేస్తున్న వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థలను కూడా అడగవచ్చు.

పిల్లలైతే 1098. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. జాలిపడి ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోకండి. అన్ని వైపుల నుంచీ రైళ్లు కలిసే జంక్షన్ కాబట్టి, ఇంట్లోంచి పారిపోయిన పిల్లలు ఇక్కడ దిగడం ఎప్పటి నుంచో ఉంది. నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు ఇక్కడ పుట్టింది ఆ పిల్లల కోసమే.

కన్నవాళ్లను గుడి దగ్గరో ఆసుపత్రిలోనో వదిలేసి వెళ్లిపోతే?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వృద్ధులను అలా వదిలించుకోవడం దాని కింద నేరం, మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. భరణం కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. ఆ పెద్దవాళ్లు తిరగలేకపోతే వాళ్ల తరఫున స్వచ్ఛంద సంస్థ కూడా పెట్టొచ్చు. లాయరు అక్కర్లేదు.

కాకపోతే చాలామంది తల్లులు పిల్లల మీద కాగితం పెట్టనివ్వరు. ‘వాడికేం బాగున్నాయి బాబూ’ అంటారు. ఒత్తిడి చేయొద్దు. పింఛను సంగతి చూడండి, అది ఆమె సొంత డబ్బు.

కార్డులు ఎలా సంపాదించాలి?

ముందు ఆధార్. చాలామందికి పాత ఆధార్ ఉంటుంది, కార్డు మాత్రమే పోయింది. ఆ సంగతి తెలియక కొత్తగా నమోదు చేయిస్తే, వేలిముద్రలు పాతవాటితో కలిసి దరఖాస్తు తిరస్కరణ అవుతుంది. కాబట్టి ఆధార్ కేంద్రంలో వేలిముద్ర పెట్టించి పాత నంబరు దొరుకుతుందేమో చూడండి. ఇటుకలు, సిమెంటు పనిచేసిన చేతుల గీతలు అరిగిపోయి ఉంటే కంటిపాపతో చూడమని అడగండి. నిజంగానే ఆధార్ లేకపోతే, గుర్తింపు పొందిన షెల్టర్ ఇన్‌ఛార్జి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం అడ్రస్ ప్రూఫ్‌గా చెల్లుతుంది.

ఓటు హక్కుకు ఇల్లు అవసరం లేదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బూత్ లెవెల్ ఆఫీసర్ ఒకటి కంటే ఎక్కువ రాత్రులు అక్కడికి వచ్చి చూసి నిర్ధారించుకోవాలి. అలా నిర్ధారించుకుంటే నివాస రుజువు అడగకూడదని ఎన్నికల సంఘం నిబంధన. ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఓటర్ల జాబితాలోకి ఎక్కిన మనిషి దగ్గరికి కార్పొరేటర్ కూడా వస్తాడు.

తర్వాత రైస్ కార్డు, పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. ఇల్లు లేనివాళ్లకు నాలుగు వేలంటే, ఇంకొకరితో కలిసి చిన్న గది అద్దెకు తీసుకునే ధైర్యం. ఎక్కడైనా అడ్డుపడితే న్యాయ సేవల సంస్థ నంబరు 15100, సలహా ఉచితం.

తిండి?

అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు, రోజుకు మూడు పూటలకూ 15. అమ్మవారి గుడిలో అన్నదానం ఉంటుంది. నిజం చెప్పాలంటే బెజవాడలో మధ్యాహ్నం అన్నం దొరకడం అంత కష్టం కాదు. దొరకనివి మరుగుదొడ్డి, స్నానం, బట్టలు ఆరేసుకునే చోటు. ఆడవాళ్లకు ఇది ఇంకా కష్టం. పండగకి పులిహోర పొట్లాలు పంచే దాతలు ఆ డబ్బుతో ఒక స్నానాల గది బాగుచేయిస్తే ఏడాదంతా పనికొస్తుంది.

జబ్బు చేస్తే ఆసుపత్రిలో చేర్చుకుంటారా? అటెండర్ ఎవరూ లేరంటే?

చేర్చుకోవాలి. వెంట మనిషి లేడని వైద్యం ఆపకూడదు. కానీ వార్డులో వెంట ఒకరుంటే జరిగే పనులు వేరే, అందుకని వాలంటీర్లు కావాలి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించండి. పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు వస్తాయి, దానికి బ్యాంకు ఖాతా ఉండాలి. షుగరు ఉండి చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల పాదాలు చూడండి. పుండు చిన్నగా ఉన్నప్పుడే కట్టు కట్టిస్తే కాలు దక్కుతుంది.

మన దగ్గర పెద్ద లోటు, డిశ్చార్జి అయ్యాక కోలుకునే చోటు లేకపోవడం. కాలికి రాడ్డు వేసిన మనిషిని ‘రెండు నెలలు నడవొద్దు’ అని చెప్పి గేటు బయటికి పంపితే అతను ఎక్కడ పడుకోవాలి? ప్రతి షెల్టర్‌లో కొన్ని మంచాలు ఇలాంటివాళ్లకు విడిగా ఉంచాలని మేం అడుగుతూనే ఉంటాం.

ఇంటికి పంపేయొచ్చు కదా?

వెళ్తానంటేనే. కొడుకు కొడితే వచ్చేసిన తండ్రిని, భర్త హింస పడలేక వచ్చిన భార్యను అదే ఇంటికి అప్పగించడం సాయం అనిపించుకోదు. ముందు ఫోన్లో మాట్లాడించండి. అటునుంచి ఎవరైనా వస్తారేమో చూడండి. పంపాక నెల రోజులకు మళ్లీ ఫోన్ చేయండి.

ఈ ఊరికి ఎన్ని షెల్టర్లు ఉండాలి?

లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు ఉండాలని మార్గదర్శకం. 2011 లెక్కల ప్రకారమే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. అంటే అప్పటి లెక్కనే కనీసం వెయ్యి మందికి. ఆరు లక్షలు దాటిన గుంటూరుకు ఆరు వందల పైచిలుకు. మీ కార్పొరేటర్‌ను, కమిషనర్‌ను ఈ లెక్క పెట్టి అడగండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు మునిగిన ఇళ్లను లెక్కగట్టి పరిహారం ఇచ్చారు. మెట్ల మీద పడుకునేవాళ్లు ఏ ఇంటి నంబరు చూపిస్తారు?

మా కాలనీలో షెల్టర్ పెడితే దొంగతనాలు పెరుగుతాయేమో?

వచ్చి ఒక సాయంత్రం కూర్చోండి. అక్కడ ఉండేవాళ్లు తాపీ పనివాళ్లు, హోటల్లో ప్లేట్లు కడిగేవాళ్లు, పాత పేపర్లు ఏరేవాళ్లు, ముసలివాళ్లు. మీ ఇంటి శ్లాబు వేసినవాళ్లు కూడా వాళ్లలో ఉండొచ్చు. రిజిస్టర్, కేర్‌టేకర్, వెలుతురు ఉన్న చోటు ఖాళీ స్థలం కన్నా వీధికి మంచిదే.

నేనేం ఇవ్వగలను?

కొత్త చెప్పులు, అన్ని సైజుల్లో. లుంగీలు, నైటీలు, లోదుస్తులు (కొత్తవే), శానిటరీ ప్యాడ్లు, దోమతెరలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పాత బటన్ ఫోన్లు. పాత చీరలు, చిరిగిన దుప్పట్లు చాలానే వస్తాయి, ఇక వద్దు. మీరు మంగలైతే నెలకోసారి, డాక్టరైతే వారానికో పూట, ఫారాలు నింపడం వచ్చినవాళ్లయితే ఎప్పుడైనా రండి. పని ఇవ్వగలిగేవాళ్లు జీతం ఎంతో, ఏ రోజు ఇస్తారో ముందే చెప్పండి. వచ్చేముందు షెల్టర్‌కు ఫోన్ చేసి ఆ వారం ఏం కావాలో అడిగితే, తెచ్చింది మూలన పడి ఉండదు.